ఉండబుద్ధి కాని వయసు: నలభై దాటాక మనసు ఎందుకు నిలవదు, ఏం చేయాలి

“అన్నీ మంచిగనే ఉన్నయి. కానీ ఇంట్ల ఉండబుద్ధైతలేదు, బయట తిరగబుద్ధైతలేదు.” నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో నలభై అయిదేళ్ల మనిషి నోట ఈ మాట వస్తే ఇంట్లోవాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, “ఏం తక్కువైంది నీకు?” రెండోది, “ఎవరి దిష్టో తగిలింది.” రెండూ ప్రేమతో అన్నవే. కానీ రెండూ ఆ మనిషి నోరు మూయిస్తాయి. తర్వాత ఏడాదో రెండేళ్లో ఆ మాట మళ్లీ బయటికి రాదు. వచ్చేనాటికి భూమి అమ్మకమో, రాజీనామానో, మంచమో పట్టి వస్తుంది.

ఈ ముడి విప్పడానికి కావలసిన మాటలు మన దగ్గరే ఉన్నాయి. రంది అంటే ఫలానా దాని గురించి అని చెప్పగలిగే చింత: అప్పు, బిడ్డ పెండ్లి, కొడుకు నౌకరి. గాబరా ఒంట్లో పుడుతుంది: గుండె దడ, చెమట, చేతుల వణుకు. యాష్ట అంటే చేసిందే చేసి, మోసిందే మోసి వచ్చిన విసుగు. నాలుగోది ఈ ఉండబుద్ధి కాకపోవడం. దేని గురించో చెప్పలేం, ఒంట్లో ఏమీ లేదు, పని భారమూ పెరగలేదు, అయినా మనసు ఒక చోట కూర్చోదు. నాలుగింటినీ కలిపి “మనసు మంచిగ లేదు” అనేస్తాం. అక్కడే చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. గాబరాకు రక్తపరీక్ష కావాలి. రందికి కాగితం, పెన్ను కావాలి. యాష్టకు పని పంచుకునే మనిషి కావాలి. జీవితానికి అర్థం వెతకడం నాలుగోదానికి మాత్రమే అవసరం. థైరాయిడ్ తగ్గినవాళ్లు అర్థం వెతుక్కుంటూ యాత్రలు తిరగడం, అర్థం కావాల్సినవాళ్లు బలం గోళీలు మింగడం ఈ కలగాపులగం వల్లే.

‘మిడ్‌లైఫ్ క్రైసిస్’ (నడివయసు సంక్షోభం) అనే మాటను వాడుకలోకి తెచ్చింది ఎలియట్ జాక్వెస్ అనే మానసిక విశ్లేషకుడు, 1965లో. ఆయన చూసింది ఎక్కువగా చిత్రకారులు, సంగీతకారుల జీవితాలను. ఆ మాట తర్వాత కార్లు కొనే, కాపురాలు విడిచే మగవాళ్ల కథగా మారింది. 2008లో బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు అనేక దేశాల లెక్కలు తీసి, జీవితం మీద తృప్తి నలభైల మధ్యలో అడుగుకు దిగి మళ్లీ లేస్తుందన్నారు. అవే మనుషులను ఏళ్లతరబడి వెంబడించి చూసిన కొన్ని అధ్యయనాల్లో ఆ లోయ అంత స్పష్టంగా కనిపించలేదు. కాబట్టి నలభై అయిదు వస్తే అందరికీ తప్పదన్న భయం అక్కర్లేదు. మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ చెప్పిందే మన ఊళ్లకు దగ్గరగా ఉంటుంది. ఆయన లెక్కలో సుమారు నలభై నుంచి అరవై అయిదు దాకా మనిషిని లోపల తొలిచే ప్రశ్న ఒకటే: నా తర్వాతివాళ్లకు నా నుంచి ఏమైనా అందుతున్నదా, లేక నేనున్నచోటే నిలిచిపోయానా?

గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాల దగ్గర ఈ ప్రశ్న కంటికి కనిపిస్తుంది. చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది. ఆ వయసుకు సన్నటి పోగు మసకబారుతుంది, అద్దాలొస్తాయి, రోజుకు నేసే కొలత తగ్గుతుంది. కొడుకు హైదరాబాదులో డెలివరీ పనికి పోతాడు. నేతగాడి రంది కూలి తగ్గిందని. కానీ రాత్రి నిద్ర రాకపోవడానికి కూలి ఒక్కటే కారణం కాదు. ముప్పై ఏళ్లు చేతిలో ఉన్న పని తనతోనే ఆగిపోతుందేమోనన్న గుబులు అది. ఈ రెండింటినీ విడదీయకపోతే కూలి పెరిగినా నిద్ర రాదు.

మన దగ్గర ఈ వయసు పుస్తకాల్లో చెప్పినదానికంటే ముందే వస్తుంది, ఆడవాళ్లకు మరీ ముందు. పద్దెనిమిదికి పెండ్లయి, ఇరవైకి బిడ్డను కన్న తల్లికి నలభై వచ్చేసరికి పిల్లలు హాస్టళ్లకో, హైదరాబాదుకో, అత్తగారింటికో వెళ్లిపోయి ఉంటారు. ఇంకోవైపు ఊళ్లో డెబ్బై అయిదేళ్ల అత్తామామలు. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ (కూలీలను జట్టుగా పనికి తీసుకెళ్లేవాడు) వెంట ముంబై, పూణెలకు, దేశంలోని డ్యామ్‌ల పనులకు పోయి పాతికేళ్లు గడిపినవాళ్లు ఈ వయసులోనే ఇంటికి తిరిగొస్తున్నారు. వస్తే ఊరు మారిపోయి ఉంది. అక్కడ పరాయి, ఇక్కడా పరాయి. ఇంకో వర్గం గురించి అసలు మాట్లాడుకోం: ముప్పై ఏళ్ల వయసులో తెలంగాణ ఉద్యమంలో ధర్నాలు, వంటావార్పులు చేసినవాళ్లు. 2014 జూన్ 2న కోరింది దక్కింది. అంతకంటే పెద్ద పని మళ్లీ చేతికి రాలేదు. వాళ్ల అశాంతిని పదవి రాలేదన్న అలకగా కొట్టిపారేయడం అన్యాయం.

ముందు ఒళ్లు చూపించుకోవాలి

ఈ మెట్టు దాటవేయకూడదు. నలభై దాటి, నెలకు పైగా మనసు నిలకడగా లేనివాళ్లు చేయించుకోవాల్సినవి: బీపీ, పరగడుపున షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, బీ12. పరగడుపు షుగర్ 126 గాని, హెచ్‌బీఏ1సీ 6.5 గాని చేరినా, దాటినా మధుమేహం అనుకోవాలి, మరోసారి పరీక్షతో ఖాయం చేసుకోవాలి. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కంటే తక్కువైతే రక్తహీనత. బీ12 బాగా పడిపోతే మతిమరుపు, చిరాకు, కాళ్లల్లో చీమలు పాకినట్టు ఉండటం, ఇవన్నీ వస్తాయి. టీఎస్‌హెచ్ పెరిగితే దిగులు, బద్ధకం, ఒళ్లు బరువు. మరీ తగ్గితే దడ, నిద్ర లేకపోవడం, కాలు ఒక చోట నిలవకపోవడం. ఈ రెండోది అచ్చం “ఉండబుద్ధి కాకపోవడం” లాగే ఉంటుంది. ఈ పరీక్షల్లో చాలావరకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే, రక్తం ఇవ్వడానికి జిల్లా కేంద్రం దాకా పోనక్కర్లేదు, ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో అడగండి.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లు నడుము, మెడ పట్టేయడాన్ని వయసు మీదికి తోసేయకూడదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి. నొప్పి వల్ల రాత్రి పొర్లే మనిషికి మనసు ఎక్కడ నిలుస్తుంది? డాక్టరుతో ఎక్కడి నీళ్లు, ఎన్నేళ్లు తాగారో మొదటి మాటగా చెప్పాలి.

ఆడవాళ్ల విషయంలో ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: గర్భసంచి ఆపరేషన్ అయిందా, అయితే అండాశయాలు ఉంచారా, తీసేశారా? తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు దేశ సగటు కంటే చాలా ఎక్కువ, అవీ చిన్న వయసులో. అండాశయాలు తీసేస్తే నెలసరి ఆగిపోయే దశ ఏళ్ల మీద మెల్లగా రావాల్సింది రోజుల్లో మీద పడుతుంది: ఒళ్లంతా ఆవిర్లు, తెల్లవారుజామున మెలకువ, ఊరికే ఏడుపు, కోపం. చాలామందికి తమకు ఏం తీసేశారో తెలియదు. డిశ్చార్జి కాగితం వెతికి డాక్టరుకు చూపించాలి. నలభై అయిదుకు ముందే రెండు అండాశయాలూ పోయినవాళ్లకు ఎముకల బలం, హార్మోన్ మందుల గురించి విడిగా మాట్లాడాల్సి ఉంటుంది. ఆపరేషన్ లేనివాళ్లకు కూడా నెలసరి అటూఇటూ కావడం మొదలైన దగ్గర్నుంచి పూర్తిగా ఆగేదాకా కొన్నేళ్లు పడుతుంది. 12 నెలలు వరసగా రాకపోతేనే ఆగినట్టు లెక్క. ఆ ఏళ్లలో వచ్చే చిరాకును “ఆమె స్వభావం మారింది” అనడం సరికాదు. మగవాళ్లకు ఇలా ఒక్కసారిగా ఆగిపోయేది ఏదీ లేదు, మగ హార్మోను ఏడాదికి ఇంచుమించు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. బస్టాండు గోడల మీద కనిపించే శక్తి పొడుల ప్రకటనలకు డబ్బు పోయడం దండగ.

ఇక కల్లు. పాలమూరులో ఈ మాట ఎత్తకుండా అశాంతి గురించి రాయడం నిజాయితీ కాదు. చెట్టు కల్లు వేరు. డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు వేరు. రెండోది రోజూ తాగేవాళ్లకు ఒక పూట తప్పితే వచ్చే వణుకు, గాబరా, నిద్రలేమి అచ్చం మనోవ్యాధిలాగే ఉంటాయి. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి కల్తీ కల్లు దొరకనప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో జనం ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే మానాలనుకున్నవాళ్లు పౌరుషానికి పోయి ఒక్కరోజులో ఆపకూడదు. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడ డాక్టరు పర్యవేక్షణలో తగ్గించుకుంటూ రావాలి. సారా, బ్రాందీ మీద ఆధారపడ్డవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. రాత్రి క్వార్టర్ తాగితే తొందరగా నిద్ర పడుతుంది నిజమే, కానీ మత్తు దిగే మూడు గంటలకు మెలకువ వస్తుంది. ఆ వేళలో వచ్చే ఆలోచనలన్నీ చీకటివే.

రందిని కాగితం మీదికి తేవాలి

అప్పు చేసిన మనిషికి అప్పు మొత్తం ఎంతో తెలియకపోవడం అసాధారణమేమీ కాదు. తెలుసుకోవాలంటే భయం. ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, నోటు రాసిన తేదీ ఏది అని రాస్తే చాలు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు 6,000, ఏడాదికి 72,000, అసలు అట్లనే ఉంటుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో దానిమీద అప్పు ఇందులో సగం కంటే తక్కువ వడ్డీకి దొరుకుతుంది. ముందు నోటు అప్పు తీర్చి, బ్యాంకు అప్పు మోయడం తెలివి. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. తిరగరాసేటప్పుడు వడ్డీని అసలులో కలిపి రాయిస్తున్నారా అన్నది చూసుకోవాలి, రంది రెట్టింపయ్యేది అక్కడే. ఈ కాగితం భార్యాభర్తలిద్దరూ చూడాలి. ఒకరే మోసే అప్పు మనసును ఎక్కువ తింటుంది.

యాష్ట గురించి ఎక్కువ చెప్పేది లేదు. మంచంలో ఉన్న మామను ఆరేళ్లుగా ఒక్క కోడలే చూస్తుంటే ఆమెకు కావలసింది ధ్యానం కాదు, వారంలో రెండు పూటలు ఇంకొకరు ఆ పని చేయడం. ఆడబిడ్డను పిలిచి రోజులు పంచుకోవాలి. అది అడగడం తప్పు కాదు.

బెట్ట

ఇవన్నీ అయ్యాక, పరీక్షలు బాగున్నాయి, తాగుడు లేదు, అప్పుల లెక్క తేలింది, అయినా మనసు నిలవట్లేదంటే అప్పుడు అది నాలుగోది. దాన్ని అర్థం చేసుకోవడానికి నల్లగొండ బత్తాయి తోట కంటే మంచి పాఠం లేదు.

డిసెంబరులో రైతు తోటకు నీళ్లు ఆపుతాడు. దీన్నే బెట్ట అంటారు. తేలిక చల్క నేలైతే రెండు మూడు వారాలు, బరువు నేలైతే ఇంకొంచెం ఎక్కువ. మొదట ఆకు మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి లేస్తుంది. కొన్నాళ్లకు సాయంత్రం కూడా లేవదు, కొన్ని ఆకులు పసుపెక్కి రాలుతాయి. అప్పుడు పాదులు తవ్వి, ఎరువు వేసి, ముందు తేలికగా ఒక తడి, తర్వాత నిండుగా తడులు ఇస్తాడు. మూడు నాలుగు వారాల్లో చెట్టంతా పూత. ఏడాదంతా నీళ్లు తాగిన చెట్టు ఆకు మీద ఆకు వేస్తుంది గాని ఒక్కసారిగా పూతకు రాదు. బెట్ట మరీ ఎక్కువైతే కొమ్మలెండుతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి: వేరుకుళ్లు పట్టిన చెట్టు ఆకు కూడా ఇట్లనే వాడుతుంది. తేడా తెలిసేది మట్టిని పట్టి చూస్తేనే. నేలలో తేమ ఉండి కూడా ఆకు వాడుతుంటే వేరు చూడాలి.

పిల్లలు వెళ్లిపోయారు, పదవి అయిపోయింది, నడిపిన బాధ్యత చేతిలోంచి జారింది, అంటే ఏదో ఒక నీరు ఆగింది. దాని వెంట వచ్చే అశాంతి బెట్ట లాంటిది. పూతకు ముందటి దశ. దాన్ని టీవీతో, ఫోన్‌తో, కొత్త ప్లాట్ల బేరాలతో తడుపుతూ పోతే ఆకే వస్తుంది. నీరు ఆగినా ఆగకపోయినా, రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ సేపు దిగులో, ఇష్టమైన తిండి, ఇష్టమైన మనిషి మీద కూడా ఆసక్తి లేకపోవడమో ఉన్నా, చావు ఆలోచనలు వచ్చినా అది బెట్ట కాదు, వేరు జబ్బు. దానికి డాక్టరు కావాలి. రాత్రయినా పగలైనా 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లోంచి పురుగులమందు డబ్బాలు ఆ రోజే తీసేయాలి, పొలం దగ్గర గుడిసెలో ఉన్నవి కూడా. ఎవరికైనా చెబితే పరువు పోతుందన్న ఆలోచన ఆ ఒక్క రోజుకు పక్కన పెట్టండి.

బెట్టే అనుకుంటే, ఏ నీరు ఆగిందో ముందు కనుక్కోవాలి. 14 రోజులు చిన్న నోట్‌బుక్కులో రోజుకు మూడుసార్లు, ఒక్కో వరసే: సమయం, ఏం చేస్తున్నారు, మనసు ఎట్లుంది (సున్నా అంటే నెమ్మది, పది అంటే అసలు నిలవట్లేదు), అంతకు ముందు ఏం జరిగింది. ఉదాహరణకు ఒక టీచరు పుస్తకంలో ఇట్లా ఉండొచ్చు. “మంగళవారం, సాయంత్రం 6:30. టీవీ. 8. బడి నుంచి వచ్చి ఎవరితోనూ మాట్లాడలే.” “బుధవారం, మధ్యాహ్నం 1:15. ఎనిమిదో తరగతి పిల్లగాడికి భాగహారం. 2. వాడికి అర్థమైంది.” “శనివారం, ఉదయం 11. స్కూలు రిజిస్టర్లు. 7.” రెండు వారాల తర్వాత వెనక్కి తిప్పితే ఆ టీచరుకు విసుగు బడి మీద కాదు, కాగితాల మీద అని కనిపిస్తుంది. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని ఉంటే రిజిస్టర్లతో పాటు ఆ భాగహారం కూడా పోయేది. పుస్తకం రాయడంలో జరిగే పొరపాటు ఒకటే: రాత్రి పడుకునే ముందు రోజంతా కలిపి రాయడం. అప్పుడు అలసట రాస్తారు, రోజును రాయరు.

తర్వాతిది ఆరు వారాల ప్రయోగం. పుస్తకంలో మనసు నెమ్మదించిన చోటికి దగ్గరగా ఉండే ఒక్క పని ఎంచుకోవాలి. వారానికి నాలుగు గంటలు, మొత్తం ఖర్చు 2,000 రూపాయలు దాటకూడదు, ఒక్క మనిషికే చెప్పాలి. చిన్నప్పుడు ఆగిపోయినదానికి ఇందులో మొదటి హక్కు ఉంటుంది. చెక్కభజనలో కాలు కలపడం, కోలాటం, పదో తరగతి. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదికి, ఇంటర్‌కు పై వయసు పరిమితి లేదు. 1982లో మొదలైన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, డిగ్రీ చేయిస్తుంది. బతుకమ్మ పాటలు వందల కొద్దీ నోటికి వచ్చిన ఆడవాళ్లు వాడలోని ఇద్దరు పిల్లలకు వారానికో పాట నేర్పినా ఎరిక్సన్ అడిగిన ప్రశ్నకు అది జవాబే.

చెడేది ఎక్కడంటే, మొదటి వారమే సామాను కొనడం దగ్గర. కొన్నాక పని మీద ఇష్టం పోయి సామాను మీద అపరాధభావం మిగులుతుంది. ఊరంతా చెప్పడం ఇంకో తప్పు. మెచ్చుకోళ్లు ముందే దొరికితే చేసే తొందర తగ్గుతుంది. మూడో వారం కొత్తదనం పోతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆ వారం రెండు గంటలే చేసినా సరే, ఆపకూడదు. డబ్బు వచ్చే పనే ఎంచుకోవాలన్న పట్టుదల కూడా చెడ్డదే. సంపాదన లెక్క మొదలైన రోజే అది ఇంకో నౌకరి అవుతుంది.

ఈ కాలమంతా ఒక నియమం గట్టిగా పాటించాలి. వెనక్కి తీసుకోలేని పని ఏదీ ఏడాది దాకా చేయకూడదు. భూమి అమ్మకం, రాజీనామా, విడాకులు, సర్పంచి ఎన్నికకు అప్పు, ఎండిన బోరు పక్కన ఇంకో బోరు, ఇవన్నీ అందులోకే వస్తాయి. ఈ నిర్ణయాలు తప్పని కాదు. బెట్టలో ఉన్న చెట్టును అప్పుడే కత్తిరించరు, అంతే.

ఇంట్లో చెప్పేటప్పుడు ఎదురెదురుగా కూర్చుని కాదు, చెరువుకట్ట మీదో, పొలం గట్టు మీదో పక్కపక్కన నడుస్తూ చెబితే సులువు. “ఈ బతుకే వద్దనిపిస్తుంది” అంటే భార్య భయపడుతుంది, తననే వద్దంటున్నాడనుకుంటుంది. “నీతోని కాదు, నాతోనే నాకు పడ్తలేదు. ఆరు వారాలు ఒకటి చేసి చూస్త” అంటే ఆమె వింటుంది. విన్నాక ఆమెను కూడా అడగాలి. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు, ఆమె కూడా ఏదో మోస్తూనే ఉంటుంది, చాలా ఇళ్లలో ఆమెను ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

ఆరో వారం చివర పుస్తకం మళ్లీ తెరవాలి. ఆ పని చేసిన రోజుల్లో అంకె ఎంత, చేయని రోజుల్లో ఎంత, ఆ రాత్రి నిద్ర ఎట్లుంది అన్నదే చూడాలి. సంతోషంగా ఉన్నానా అని అడుక్కోవద్దు, దానికి ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది. చేసిన రోజుల్లో అంకె కనీసం రెండు తగ్గి ఉంటే ఇంకో ఆరు వారాలు, ఈసారి వారానికి ఆరు గంటలు. తేడా లేకపోతే ఆ పని వదిలి, పుస్తకంలో రెండో చోటు చూడాలి. మూడు ప్రయోగాలకు కూడా అంకె కదలకపోతే మట్టిని మళ్లీ పట్టి చూడాలి, అంటే డాక్టరు దగ్గరికి ఈ పుస్తకం పట్టుకుని వెళ్లాలి.